ఎర్ర పుస్తకమా, యాపా, ధాతువులా? చైనా మిత్రులకి పెద్ద ఇంగ్లీషు పదాలు ఎలా వస్తాయి

చైనాలో ఎంబీబీఎస్ చదివిన రోజుల్లో మా హాస్టల్ వెనక చిన్న చెరువు ఉండేది. పొద్దున ఆరున్నరకి టిఫిన్‌కి బయల్దేరితే ఆ గట్టు మీద చెట్టుకి ఒకరు చొప్పున నిలబడి, పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకుని పైకి చదువుతూ కనిపించేవాళ్లు. ఒక ఇంగ్లీషు పదం మూడుసార్లు, దాని చైనీస్ అర్థం ఒకసారి, మళ్లీ ఆ పదమే. డిసెంబరు చలిలో నోట్లోంచి ఆవిరి వస్తున్నా ఆపేవాళ్లు కాదు. దీన్ని చెన్‌దూ అంటారు, పొద్దుటి చదువు అని. పదాలు కంఠస్థం చెయ్యడానికి వాళ్లకి విడిగా ఒక మాటే ఉంది: బెయ్ దాన్‌త్స. మన ఇళ్లలో 'హోంవర్క్ అయిందా' అన్నంత మామూలుగా వినబడే మాట అది.

ఆ చెట్ల కింద నిలబడేవాళ్లలో ఒకామె నాకు యూబాన్ అయింది, అంటే భాష ఇచ్చిపుచ్చుకునే తోడు. ఇంటర్న్‌షిప్‌కి ముందు నేను హెచ్ఎస్‌కే అనే చైనీస్ భాషా పరీక్షలో నాలుగో స్థాయి పాసవ్వాలి, లేకపోతే వార్డులో పేషెంటుతో నాలుగు ముక్కలు మాట్లాడలేను. ఆమెకేమో పైచదువుకి విదేశం వెళ్లాలని. నాకన్నా పెద్దది కాబట్టి ష్వేజియే అని పిలిచేవాణ్ణి, మన లెక్కలో సీనియర్ అక్క. ఆమె నన్ను ష్వేదీ అనేది, తమ్ముడనే. మూడేళ్లపాటు వారానికి రెండు సాయంత్రాలు లైబ్రరీలో కూర్చున్నాం. ఆ మూడేళ్లలో ఆమె పట్టని పుస్తకం లేదు, పెట్టి తీసెయ్యని యాప్ లేదు.

ఆన్‌లైన్లో ఇంగ్లీషు చెప్పుకునే మనవాళ్లు, సింగపూర్‌లో చైనీస్ సహోద్యోగులున్నవాళ్లు, అమెరికాలో ఎంఎస్ చేస్తూ చైనా రూమ్మేట్‌తో ఉన్నవాళ్లు ఇప్పుడు నన్ను తరచూ ఒకటే అడుగుతుంటారు. 'గ్రామర్ మనకన్నా బాగా వచ్చు, పదాలు వేలల్లో వచ్చు, మరి రాస్తే ఎందుకలా ఉంటుంది? వీళ్లకి ఏ పద్ధతి చెప్పాలి?' నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వాళ్ల సమస్య జ్ఞాపకశక్తి కాదు. ఒక్కో ఇంగ్లీషు పదాన్ని ఒక్కో చైనీస్ మాటకి ముడేసి దాచుకుంటారు. ఆ ముడి ఎంత గట్టిగా పడితే తర్వాత అంత ఇబ్బంది. ఏ పద్ధతిని చూసినా నేను అడిగేది ఇదే: ఆ ముడిని ఇది వదులు చేస్తుందా, ఇంకా బిగిస్తుందా?

ముందు లెక్క చూసుకోవాలి

చైనాలో కాలేజీ ప్రవేశ పరీక్ష గావ్‌కావ్‌లో 750 మార్కులకి 150 ఇంగ్లీషువే. దానికి మూడున్నర వేల పదాలు కావాలని అక్కడ ఏ బడి పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. డిగ్రీలో నాలుగో బ్యాండ్, ఆరో బ్యాండ్ అని రెండు జాతీయ పరీక్షలుంటాయి. నాలుగోది 1987లో మొదలైంది. 710కి 425 వస్తే గట్టెక్కినట్టు లెక్క. ఆరో బ్యాండ్ దాటినవాళ్ల దగ్గర అయిదున్నర, ఆరు వేల పదాలుంటాయని అంచనా వేస్తారు.

ఇంగ్లీషు నవలో పత్రికో నిఘంటువు తియ్యకుండా చదవాలంటే ఎన్ని కావాలి? పదజాలం మీద జీవితమంతా పనిచేసిన పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ఎనిమిది నుంచి తొమ్మిది వేల పద కుటుంబాలు. అప్పుడు నూటికి 98 పదాలు తెలిసినవే అవుతాయి. కుటుంబం అంటే డిసైడ్, డిసిషన్, డిసైసివ్ కలిపి ఒకటి. రెండుచోట్లా లెక్కపెట్టే తీరు వేరు కాబట్టి సూటిగా తీసివేత చెయ్యకూడదు. అయినా స్థూలంగా మూడు వేల పదాల అగాధం ఉంది అనుకోండి. రోజుకి పది చొప్పున 300 రోజుల పని. రోజుకి యాభై చొప్పున రెండు నెలల్లో పూర్తి చేసేద్దాం అనుకుంటే ఏమవుతుందో యాప్‌ల దగ్గర చెప్తాను.

ఇంకో సంగతి. 'అడ్వాన్స్‌డ్' అన్న మాటలో రెండు జాతులు కలిసిపోయాయి. గారులస్ (వాగుడుకాయ), లకోనిక్ (ముక్తసరి) లాంటి అరుదైన పదాలు ఒక జాతి. కన్‌స్టిట్యూట్, డెరైవ్, సబ్సీక్వెంట్ లాంటి చదువులో రోజూ తగిలే పదాలు ఇంకో జాతి. ఈ రెండో జాతికి 2000లో అవెరిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు ఒక జాబితా చేసింది. అందులో ఉన్నవి 570 కుటుంబాలే, కానీ యూనివర్సిటీ పుస్తకాల్లో వచ్చే పదాల్లో దాదాపు పదో వంతు అవే. మా అక్కకి గారులస్ తెలుసు. కన్‌స్టిట్యూట్ వాక్యంలో పెట్టమంటే మాత్రం పెన్ను ఆగేది. పేపర్లు రాయాల్సిన మనిషికి ఏది ముందో ఇక చెప్పక్కర్లేదు కదా.

ఎర్ర పుస్తకం

చైనాలో జీఆర్ఈ అంటే షిన్‌దోంగ్‌ఫాంగ్. 1993లో యూ మిన్‌హోంగ్ పెట్టిన కోచింగ్ సంస్థ, బయటి ప్రపంచానికి న్యూ ఓరియెంటల్. ఆయన పేరుతో వచ్చిన జీఆర్ఈ పదాల పుస్తకానికి ఎర్ర అట్ట. విద్యార్థులు దాన్ని హోంగ్‌బావోషు అంటారు, ఎర్ర నిధి పుస్తకం అని. ఒకప్పుడు మావో సూక్తుల చిన్న పుస్తకాన్ని కూడా ఇదే పేరుతో పిలిచేవాళ్లు, అక్కడుంది చమత్కారం.

అక్షరక్రమంలో ఉండే ఇలాంటి పుస్తకాల మీద అక్కడ అందరికీ తెలిసిన జోకు ఒకటుంది. మొదటి పేజీ మొదట్లోనే వచ్చే పదం అబాండన్. అర్థం: వదిలెయ్యడం. చాలామంది అక్కడే వదిలేస్తారు. కొత్త సెమిస్టర్లో మళ్లీ తీస్తారు, మళ్లీ అబాండన్. ఏళ్లు గడిచినా ఏ అక్షరం దాటరు. ఈ బాధ పడలేకే పదాలు కలగాపులగంగా పేర్చిన కూర్పులు కూడా వచ్చాయి. కొనేవాళ్లు అవే కొనుక్కోవడం మేలు. అక్షరక్రమంలో అయితే ఒకేలా మొదలయ్యే పదాలు పక్కపక్కనే పడి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి.

ఈ పుస్తకాలతోపాటు ఎబింగ్‌హౌస్ పట్టిక అని ఒక కాగితం తిరుగుతుంటుంది. చదివాక 5 నిమిషాలకి, 30 నిమిషాలకి, 12 గంటలకి, ఆ తర్వాత 1, 2, 4, 7, 15 రోజులకి తిరగెయ్యాలి. గళ్లు గీసి గోడకి అంటిస్తారు. ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త 1885లో అర్థంలేని అక్షరాల గుంపులు తన మీద తనే పరీక్షించుకుని, మరపు మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా సాగుతుందని చూపించాడు. ఆయన చూసిన విరామాలు ఇవి కావు, దాదాపు 20 నిమిషాలతో మొదలై 31 రోజుల దాకా వెళ్తాయి. గోడ మీద పట్టిక తర్వాతివాళ్ల కల్పన. అలాగని పనికిరాదని కాదు, విరామాలిచ్చి తిరగెయ్యడం అన్న సూత్రం నిజమే. కాకపోతే ఒకరోజు జ్వరం వచ్చి గడి తప్పితే కొంపలేం మునగవు. మా అక్క అలా ఒక గడి తప్పిందని మొత్తం పట్టిక చింపి మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలెట్టింది, రెండుసార్లు.

పుస్తకం గురించి నా తీర్పు: పరీక్ష రెండు మూడు నెలల్లో ఉంటే తియ్యండి, లేకపోతే వద్దు. ముడిని అన్నిటికన్నా గట్టిగా బిగించేది ఇదే. జీఆర్ఈకి కూడా దీని విలువ ఒకప్పటంత లేదు. 2011 ఆగస్టులో పరీక్ష మార్చినప్పుడు వ్యతిరేక పదాలు, అనాలజీలు తీసేశారు. విడి పదం చూపించి దీనికి ఎదురుపదం చెప్పు అనే ప్రశ్న పోయింది. ఇప్పుడు ఖాళీలో ఏ పదం కూర్చుంటుందో చెప్పాలి. అంటే వాక్యం చదవడం రావాలి.

ఫోన్లో పదాలు

చైనాలో మెట్రో ఎక్కితే వరసకి ఒకరైనా పదాల యాప్ తిప్పుతూ కనిపిస్తారు. రకరకాలవి ఉన్నా, ఎంచుకోడానికి మూడింటిని పక్కపక్కన పెడితే చాలు.

బైత్స్‌జాన్ చెంగ్‌దూ కంపెనీది. పదం వస్తుంది, కింద నాలుగు బొమ్మలు, సరైనది నొక్కాలి. స్కూలు పిల్లలకి, నాలుగో బ్యాండ్ లోపు వాళ్లకి చాలా బాగుంటుంది, ఎందుకంటే అక్కడ చైనీస్ అర్థం కన్నా ముందు బొమ్మ కనిపిస్తుంది. బకెట్, కప్ప, వంతెన లాంటివి బొమ్మతో ఇట్టే పట్టుబడతాయి. పై స్థాయికి వెళ్లేసరికి ఆ బలమే బలహీనత. ఈక్వివోకల్, అంటే అటో ఇటో తేలనిది, అన్నదానికి ఏం బొమ్మ వేస్తారు? 'ఎవరో మనిషి తల గోక్కుంటున్నాడు, అది గుర్తుంది, పదమే గుర్తు రావట్లేదు' అని మా అక్క నవ్వేది. పైగా నాలుగింటిలో ఒకటి గుర్తుపట్టడం వేరు, ఖాళీ కాగితం మీద మనంతట మనం రాయడం వేరు.

మోమో గట్టిది. మనం ఏ పదం ఎప్పుడు మరిచిపోతామో లెక్కగట్టి సరిగ్గా అప్పుడే ముందుకి తెస్తుంది. అంకీ కూడా అదే పని చేస్తుంది, కాకపోతే అందులో కార్డు, అంటే ముందు ప్రశ్న, వెనక జవాబు ఉండేది, మనకి కావాల్సినట్టు మనమే తయారు చేసుకోవచ్చు. తమాషా ఏంటంటే 2023 నుంచి అంకీలో వాడుకోగలిగే ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే లెక్కింపు పద్ధతిని రూపొందించింది మోమోలో పనిచేసిన ఒక చైనా కుర్రాడే. కాబట్టి ఏ యాప్ లెక్క గొప్పదన్న వాదన వదిలెయ్యండి. తేడా కార్డులో ఉంది. తయారు చేసిచ్చిన కార్డు వెనక చైనీస్ అర్థం ఉంటుంది. సొంత కార్డు వెనక మనం ఏం రాసుకుంటే అది.

అంకీ కంప్యూటర్లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం. ఐఫోన్‌లో మాత్రం దాదాపు 25 డాలర్లు, ఒకసారి కడితే చాలు. చైనాలో గూగుల్ ప్లే పనిచెయ్యదు కాబట్టి అక్కడున్నవాళ్లు ఆండ్రాయిడ్ ఫోన్లోకి ఫైలు విడిగా దించుకోవాలి. ఈ చిన్న ఇబ్బందికే సగం మంది వెనక్కి తగ్గుతారు.

ఇక రోజుకి యాభై కొత్త పదాల సంగతి. మొదటి వారం హాయిగా ఉంటుంది. మూడో వారానికి తిరగెయ్యాల్సిన పాత కార్డులే రోజుకి మూడు నాలుగు వందలు పేరుకుంటాయి. గంటన్నర పడుతుంది. ఒక ఆదివారం ఊరెళ్లొస్తే సోమవారం ఏడొందలు. అప్పుడు మనిషి చేసే పని ఒకటే, కార్డు సరిగ్గా చూడకుండా 'తెలుసు' నొక్కెయ్యడం. చైనాలో 'దాకా' అని పిలిచే అలవాటు ఒకటుంది, ఇవాళ్టి పదాలు పూర్తయ్యాయని వీచాట్‌లో నలుగురికీ కనిపించేలా హాజరు వేసుకోవడం. ఆ హాజరు కోసం రాత్రి పదకొండు యాభైకి మంచం మీద పడుకుని అరవై కార్డులు గబగబా నొక్కేసిన మనిషిని నాకు తెలుసు. రెండొందల రోజుల హాజరు ఉంది ఆమెకి. పది కార్డులు తీసి అడిగితే నాలుగు చెప్పింది.

యాప్ వద్దనను. రోజుకి పది, మహా అయితే పదిహేను కొత్తవి. అవి కూడా ఆ వారం తను చదివినవాటిలోంచి తీసుకున్నవే.

ధ్వని జోకులు

దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు గానీ చెప్పకుండా ఉండలేను, అంత సరదాగా ఉంటాయి. షియేయిన్ అంటారు, ఇంగ్లీషు పదం చెవికి చైనీస్ వాక్యంలా వినబడేట్టు చెయ్యడం. అంబులెన్స్ అంటే 'ఆన్ బూనెంగ్ స', నేను చావకూడదు అని అర్థం. పెస్ట్ అంటే 'పాయ్ స తా', దాన్ని కొట్టి చంపు. ఎకానమీ అంటే 'యీఖావ్ నోంగ్‌మిన్', రైతుల మీద ఆధారపడు. ఆర్థికశాస్త్రం మొత్తం ఒక్క జోకులో పెట్టేశారు.

ఒకసారి వింటే చచ్చినా మరిచిపోం, నిజం. కానీ ఆ పదాన్ని ఇక ఎప్పటికీ ఆ యాసలోనే పలుకుతాం. ఎంత తన్నుకున్నా గుర్తుండని నాలుగైదు పదాలకి ఇది చిట్కా వైద్యం. నాలుగు వేల పదాలకి కాదు.

ధాతువుల దారి

ధాతువులంటే ఇంగ్లీషు పదాల్లో దాగిన లాటిన్, గ్రీకు ముక్కలు. నా మనసు ఎటు మొగ్గుతుందో ఇక్కడ దాచను. చైనీస్ మాట్లాడేవాళ్లకి పుట్టుకతో వచ్చిన బలం ఇక్కడే ఉంది, చాలామందికి తెలియదు అంతే.

మొదటి ఏడాది పాథాలజీలో మా ఇద్దరి పాట్లూ వేరువేరు. న్యూమోనియా అనే మాట నాకు చిన్నప్పటి నుంచీ చెవిన పడిందే, మా పక్కింటి తాతకి వచ్చింది. ఆమెకి అది తొమ్మిది అక్షరాల గోడ, దాని మొదటి అక్షరం పలకను కూడా పలకరు. మరి చైనీస్‌లో? ఫెయ్‌యెన్. ఫెయ్ అంటే ఊపిరితిత్తి, యెన్ అంటే వాపు-మంట. ఆరో తరగతి పిల్లాడికి కూడా అర్థమవుతుంది. గాన్‌యెన్ అంటే కాలేయానిది, వెయ్‌యెన్ అంటే కడుపుది, షెన్‌యెన్ అంటే మూత్రపిండాలది. ఇంగ్లీషులో ఇవే హెపటైటిస్, గ్యాస్ట్రైటిస్, నెఫ్రైటిస్. ఒకరోజు నేను నోట్‌బుక్‌లో నిలువు గీత గీసి ఎడమ పక్క ఐటిస్, కుడి పక్క యెన్ అని రాశాను. హెపట్, గ్యాస్ట్ర్, నెఫ్ర్ కింద గాన్, వెయ్, షెన్. ఆమె అయిదు సెకన్లు ఆ కాగితం వైపే చూసి, 'ఇది కూడా మా అక్షరాల లాంటిదే కదా' అంది.

నిజమే. చైనీస్ అక్షరంలో పక్కన మూడు నీటి చుక్కల గుర్తు ఉంటే అది నీటి సంబంధమని తెలుస్తుంది: నది, సరస్సు, సముద్రం, చెమట, అన్నిట్లో అదే. జబ్బు గుర్తు ఉంటే నొప్పి, క్యాన్సర్ అన్నీ ఆ గొడుగు కిందే. పదేళ్లు ఆ ముక్కల్ని విడగొట్టి కలిపి పెరిగిన బుర్ర అది. లాటిన్, గ్రీకు ముక్కలు దానికి కొత్త లిపి అంతే. లుకేమియాని విడగొడితే గ్రీకులో తెలుపు, రక్తం. చైనీస్‌లో బైష్యుయేబింగ్, తెల్ల-రక్త-జబ్బు. మాటకి మాట. డయాబెటిస్ మెలిటస్‌లో మెలిటస్ అంటే తేనె తీపి అని చెప్పి, చైనీస్‌లో ఏమంటారని అడిగాను. తాంగ్‌న్యావ్‌బింగ్, చక్కెర-మూత్రం-జబ్బు అంది. మరి మన మధుమేహం? మధు అంటే తేనె, మేహం అంటే మూత్రం. ఆ సాయంత్రం నేను నేర్పిందాని కన్నా నేర్చుకుందే ఎక్కువ. ఇరవై ఏళ్లుగా షుగర్ అంటున్నాను గానీ మధుమేహాన్ని ఎప్పుడూ విడగొట్టి చూడలేదు.

మనకీ వాళ్లకీ ఇక్కడ పెద్ద తేడా. తెలుగులో రైలు, టెన్షన్, ఆపరేషన్, ఇన్ఫెక్షన్ అన్నీ ఇంగ్లీషువే, ఇంటర్ చదవకపోయినా కొన్ని వందల పదాలు ఉచితంగా వచ్చేస్తాయి. చైనీస్ అలా పైనుంచి మాట దించుకోదు. కాఫీని ఖాఫెయ్ అనీ సోఫాని షాఫా అనీ తీసుకుంది గానీ అవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. టెలిఫోన్‌ని మొదట్లో దెల్యూఫెంగ్ అన్నారు, తర్వాత అది పోయి ద్యెన్‌హ్వా వచ్చింది, విద్యుత్తు-మాట అని. కంప్యూటర్ ద్యెన్‌నావ్, విద్యుత్తు-మెదడు. కాబట్టి వాళ్లకి ఉచితంగా వచ్చే పదాలు తక్కువ. బదులుగా ముక్కలు కలపడం బాగా వచ్చు. దాన్ని వాడుకోకుండా గారులస్‌ని పాతికసార్లు అరవడం నాకు జాలి అనిపిస్తుంది.

అయితే ధాతువులకీ హద్దు ఉంది. రెస్పెక్ట్‌ని మళ్లీ-చూడు అని విడగొడితే గౌరవం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. ఇన్‌వాల్యుబుల్‌లో ఇన్ చూసి విలువలేనిది అనుకుంటే బొక్కబోర్లా పడతాం, అది వెల కట్టలేనంత విలువైనది. ఎనర్వేట్ చూడగానే ఎనర్జీ గుర్తొస్తుంది, కానీ దాని అర్థం నీరసపెట్టడం. జీఆర్ఈ వాళ్లకి ఇలాంటివంటే ప్రాణం. అందుకే ముందు వాక్యంలో పదాన్ని చూడాలి, అర్థం ఊహించాలి, ఆ తర్వాత ధాతువు విప్పాలి. వందా నూటయాభై ధాతువులు చాలు. ఆ పైన వచ్చేవి రెండు మూడు పదాల్లో తప్ప కనిపించవు.

ఒక అర్థం, అయిదు పదాలు

ఇప్పుడు ముడి సంగతి. మా అక్క రాసిన ఒక పేరాలో 'ఇట్ ఈజ్ కాన్‌స్పిక్యువస్ దట్' అని ఉంది. 'స్పష్టమే' అని చెప్పాలని ఆమె ఉద్దేశం. తప్పెక్కడో ఆమెకి తెలియలేదు, ఎందుకంటే పుస్తకంలో ఆబ్వియస్, అపారెంట్, ఎవిడెంట్, కాన్‌స్పిక్యువస్, ప్రొనౌన్స్‌డ్ అన్నిటి ఎదురుగా మింగ్‌ష్యెన్ అనే ఒకే చైనీస్ మాట ఉంది. ఆమె దృష్టిలో ఇవి అయిదు ఒకే చొక్కాకి అయిదు రంగులు, అన్నిట్లోకి ఖరీదైనది తొడుక్కుంది. ఇంగ్లీషులో కాన్‌స్పిక్యువస్ అంటే గుంపులో కొట్టొచ్చినట్టు కనపడడం. మనిషి, టోపీ, మచ్చ అలా ఉంటాయి. ఒక వాదన అలా ఉండదు.

అలాగే ఇన్‌ఫ్లుయెన్స్, అఫెక్ట్, ఇంపాక్ట్ మూడింటికీ యింగ్‌ష్యాంగ్. కాజ్, ట్రిగర్, ఇండ్యూస్, రిజల్ట్ ఇన్ అన్నిటికీ దావ్‌జ. 'దిస్ డ్రగ్ కాజ్‌డ్ రికవరీ' అని రాస్తే గ్రామర్ తప్పు లేదు, కానీ వినడానికి మందే జబ్బు చేసినట్టుంది, ఎందుకంటే కాజ్ పక్కన ఎక్కువగా చెడే వస్తుంది: నొప్పి, ప్రమాదం, ఆలస్యం. ప్రోపగాండా ఇంకా నాజూకు. దాని చైనీస్ మాట ష్వెన్‌ఛ్వాన్‌లో చెడు వాసన లేదు, ఆరోగ్య శాఖ దోమల మీద చేసేదీ ష్వెన్‌ఛ్వానే. చైనా పార్టీలో ఆ పేరుతో ఉన్న విభాగమే ఇంగ్లీషు పేరు విషయంలో పబ్లిసిటీ అన్న మాటకి మారింది. యాంబిషన్‌కేమో రెండు చైనీస్ మాటలున్నాయి, ష్యోంగ్‌షిన్ మంచిది, యేషిన్ దురాశ. ఏ పుస్తకం ఏది ఇచ్చిందో దాన్ని బట్టి ఆ విద్యార్థి జీవితమంతా ఆ పదాన్ని మెచ్చుకోడానికో తిట్టడానికో వాడతాడు.

వాళ్లని చూసి మనం నవ్వక్కర్లేదు. వాళ్లు 'ఓపెన్ ద లైట్' అంటారు, చైనీస్‌లో లైటు తెరుస్తారు కాబట్టి. మనం 'పుట్ ద లైట్' అంటాం, తెలుగులో లైటు వేస్తాం కాబట్టి. వాళ్లు 'ఈట్ మెడిసిన్' అంటారు. పేషెంట్ల ముందు మన డాక్టర్ల ఇంగ్లీషు ఎలా ఉంటుందో నన్ను అడక్కండి.

దీనికి మందు ఏమిటంటే, కార్డు వెనక చైనీస్ అర్థం తీసెయ్యడం. నేను ఆమెతో చేయించిన కార్డు ఇలా ఉండేది. ముందువైపు తను ఆ వారం చదివిన వాక్యమే, పదం స్థానంలో ఖాళీ, మొదటి అక్షరం మాత్రం ఉంటుంది. వెనక ఆ పదం, దాని పక్కన మామూలుగా కూర్చునే రెండు మాటలు, మళ్లీ తన జీవితంలోంచి ఒక వాక్యం. చైనీస్ ఒక్క ముక్క లేదు. రెండు వారాలు విసుక్కుంది, ఒక్కో కార్డుకి మూడు నిమిషాలు పడుతోందని. తర్వాత ఒక సాయంత్రం నేను క్రికెట్ చూస్తూ లైబ్రరీకి ఎగ్గొడితే మెసేజ్ వచ్చింది: 'యూ వర్ కాన్‌స్పిక్యువస్ బై యువర్ ఆబ్సెన్స్.' తిట్టినా సరే, ఆ రోజు నాకు ఎంత సంతోషమేసిందో.

పక్కన కూర్చునే మాటలు ఎక్కడ దొరుకుతాయంటే, విద్యార్థుల కోసం తేలిక మాటల్లో రాసిన ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువులో, కొలొకేషన్ డిక్షనరీలో. ఫోన్లో యోదావ్ లాంటి చైనీస్ నిఘంటువు తీసెయ్యక్కర్లేదు. కాకపోతే అర్థం చూసి మూసెయ్యకుండా కింద ఉన్న ఉదాహరణ వాక్యాల దాకా వేలు జరపాలి.

చదివి నేర్చుకోవడం

'చదివితే అదే వస్తుంది' అని ఇంగ్లీషు సులువుగా వచ్చినవాళ్లు సలహా ఇస్తుంటారు. ఆరు వేల పదాల మనిషికి పెద్ద పత్రిక ఇస్తే ఇరవై పదాలకి ఒకటి తెలియకపోయినా పేజీకి పదిహేను గోతులు. అది చదవడం కాదు, తవ్వకం. చైనాలో ఈ తవ్వకానికి జింగ్‌దూ అని పేరుంది, విదేశీ పత్రిక వ్యాసం ఒకటి తీసుకుని పేరా పేరా విప్పడం. దానికి డబ్బు కట్టి చేరే కోర్సులు కూడా ఉన్నాయి. వారానికి ఒక పేరా చాలు, ఎక్కువైతే చదవడమంటేనే విసుగొస్తుంది. దీనికి జోడీ ఫాన్‌దూ, ఆగకుండా పారించి చదవడం. రోజూ చెయ్యాల్సింది ఇదే, చెయ్యనిది కూడా ఇదే, ఎందుకంటే ఇందులో హాజరు వేసుకోడానికి అంకె కనిపించదు.

పారించి చదవాలంటే విషయం ముందే తెలిసి ఉండాలి. డాక్టరైతే తన స్పెషాలిటీ, ప్రోగ్రామరైతే తన డాక్యుమెంటేషన్, వంట ఇష్టమైతే వంటల రాతలు. తెలిసిన విషయంలో తెలియని పదం తనంతట తనే అర్థం చెప్పేస్తుంది.

ఎవరికి ఏది

జీఆర్ఈ రెండు మూడు నెలల్లో ఉంటే: ఎర్ర పుస్తకమో దానిలాంటి జాబితానో తప్పదు, కలగాపులగపు కూర్పు తీసుకుని మోమోలో పెట్టుకోమనండి. అయితే రోజులో సగం సమయం అసలు ప్రశ్నలకే వెళ్లాలి. 2023 సెప్టెంబరులో పరీక్ష కుదించాక వెర్బల్‌లో మిగిలినవి 27 ప్రశ్నలే, ఒక్కో ప్రశ్న బరువు పెరిగింది.

ఐఈఎల్‌టీఎస్‌లో ఆరు దగ్గర ఇరుక్కుని ఏడు కావాల్సినవాళ్లు పదాల పుస్తకం ముట్టుకోవద్దు. రైటింగ్‌లోనూ స్పీకింగ్‌లోనూ నాలుగో వంతు మార్కులు పదజాలానివి, కానీ ఏడుకి వాళ్లు చూసేది పదం ఎంత అరుదన్నది ఒక్కటే కాదు, పక్క పదంతో కుదిరిందా లేదా అన్నది కూడా. 570 కుటుంబాల జాబితా, సొంత కార్డులు, వారానికి రెండు వ్యాసాలు ఎవరితోనైనా దిద్దించుకోవడం. ఆ దిద్దే మనిషి మీరే అయితే గ్రామర్ కన్నా ముందు పదాల జతలు దిద్దండి.

మెడిసిన్, ఫార్మసీ, బయాలజీ వాళ్లకి ధాతువులతో మొదలుపెట్టండి, ఆలోచించక్కర్లేదు. చైనీస్ మాటని ముక్కలు చెయ్యమని అడిగి, ఇంగ్లీషు ముక్కలు దాని కింద రాయించండి. హైపో (తక్కువ), హైపర్ (ఎక్కువ) మాత్రం పైకి పలికించి చూడండి. వాళ్ల నోట్లో రెండూ ఒకేలా వినబడతాయి, మన వార్డుల్లో కూడా అంతేలెండి, ఐసీయూలో ఆ తేడా చిన్నది కాదు.

ఉద్యోగంలో ఉండి ఏడాదిపాటు రోజుకి అరగంట ఇవ్వగలిగినవాళ్లది నా దృష్టిలో అన్నిటికన్నా మంచి పరిస్థితి. ఇరవై నిమిషాలు తన రంగంలో పారించి చదవడం, అందులోంచి రెండు పదాలకి మాత్రమే కార్డులు, మిగతా పది నిమిషాలు పాత కార్డులు. ఏడాదికి ఏడొందల పదాలే, మోమోలో అది రెండు వారాల అంకె. కానీ ఆ ఏడొందలూ నోటికీ చేతికీ వస్తాయి.

ఆన్‌లైన్లో చిన్నపిల్లలకి చెప్పేవాళ్లు బొమ్మల యాప్‌నే వాడనివ్వండి, అమ్మానాన్న ఎంత ఒత్తిడి చేసినా ఎనిమిదేళ్ల పిల్లకి గారులస్ అక్కర్లేదు. అడిగితే అంబులెన్స్ జోకు చెప్పండి, 'టీచర్‌కి చైనీస్ వచ్చు' అని ఆ రోజంతా చెప్పుకుంటారు.